పావు అంగుళం

జూన్ 9

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటావిడ నా భుజాన్ని దిండు చేసుకుని ఊరు వచ్చేదాకా నిద్రపోయింది. మసాజ్ నేర్చుకోవడానికి వెళ్తున్నానని చెప్పలేదు కాబట్టి సరిపోయింది. చెప్పి ఉంటే కాళ్ళు కూడా నా ఒళ్ళో పెట్టేది.

హాస్టల్ గదిలో ఇద్దరం. నాతో ఉన్నావిడ ఇదివరకు లారీ ఆఫీసులో గుమాస్తా. నన్ను చూడగానే, "ముప్పై ఒకటో ఏట బడికొచ్చావా తల్లీ!" అని నవ్వింది. మరి మీకెన్నేళ్ళని అడిగాను. నలభై నాలుగట. ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

ఈ వారమంతా మనిషి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. గోళ్ళు కత్తిరించుకోవడం, చేతులు కడుక్కోవడం, బల్ల మీద పడుకున్న మనిషికి దుప్పటి కప్పడం, ఇంతే. దుప్పటి కప్పడానికే రెండు రోజులు! పని చేసే చోటు తప్ప ఇంకెక్కడా ఒళ్ళు కనపడకూడదు, కప్పింది జారకూడదు. నేను మొదటిసారే సరిగ్గా కప్పాను. ఎక్కడ నేర్చుకున్నావని మేడమ్ అడిగారు. "మా అన్నయ్య కటింగ్ మాస్టారండీ. తను కత్తిరించిన కోట్లకి పదకొండేళ్ళు కాజాలు కుట్టాను. గుడ్డ ఎటు జారుతుందో నా చేతికి తెలుసు" అన్నాను. క్లాసంతా నా వైపు తిరిగి చూసింది. కాస్త గొప్పగానే అనిపించింది.

మార్చిలో నీకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి ముడుచుకుపోయినప్పుడు డాక్టరు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. కదలిక ఉండాలి, మర్దన ఉండాలి అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను. షాపు ఓనరుగారు డిసెంబరు ఆఖరుదాకా నీ కటింగ్ బల్ల ఎవరికీ ఇవ్వనన్నారు. నా కోర్సు డిసెంబరు పదిహేనుకి అయిపోతుంది. అప్పటిదాకా నేర్చుకున్నది నేర్చుకున్నట్టు వదినకి రాస్తాను, తను చేస్తుంది. మిగిలింది నేను వచ్చి చేస్తాను. నువ్వు మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబడి కత్తెర పట్టాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

ఒక పని చెయ్యి. అప్పుడప్పుడూ కుడి చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయించి పంపు. మార్పు కంటికి కనపడాలంటే అదే దారి అని మేడమ్ చెప్పారు. మాట ముద్దగా వస్తోందని ఫోను దగ్గరికి రానంటున్నావు కాబట్టి ఉత్తరాలే రాయి. ఎడమ చేత్తో ఎంత వంకరగా రాసినా చదువుకుంటాను.

చేతులు కడిగి కడిగి తోలు ఊడిన నీ చెల్లెలు,
గుండీ

జూన్ 21

గుండీ,

మూడు రోజులు పట్టింది ఇంత రాయడానికి. అక్షరాలు చూసి నవ్వితే ఊరుకోను.

నువ్వు చెప్పినట్టే చెయ్యి కాగితం మీద పెట్టాను, మీ వదిన గీసింది. చూసి, "నా చెయ్యి గీయమంటే బంగాళాదుంప గీశావేంటి?" అన్నాను. "అది నీ చెయ్యే" అంది. అదే ఇందులో పెడుతున్నాను.

షాపులో నా పని చూడ్డానికి ఒకణ్ణి తాత్కాలికంగా పెట్టారు. వాడికి తొందర మాస్టారని పేరొచ్చేసింది అప్పుడే. వాడు కత్తిరించిన ప్యాంటు తొడుక్కుని ఒకాయన కూర్చోలేక, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఇంటికెళ్ళాడట.

ఒకటి అడగాలి. ఆసుపత్రిలో వ్యాయామాల గదికి వారానికి మూడుసార్లు రమ్మన్నారు కదా. రెండుసార్లు వెళ్ళాను. ఒక ప్లాస్టిక్ గిన్నెలో గోళీలు పోసి, ఒక్కొక్కటే ఏరి ఇంకో గిన్నెలో వెయ్యమంటారు. ఒక్క గోళీ కూడా పట్టలేకపోయాను. ముప్పై ఏళ్ళు గీత మీంచి నూలుపోగంత పక్కకి పోకుండా కోసినవాణ్ణి, నాకు గోళీలాట నేర్పుతున్నారు! పైగా నన్ను తీసుకెళ్ళి తీసుకురావడానికి మీ వదినకి సగం రోజు పోతోంది. నువ్వు నేర్చుకుంటున్నావుగా. మానేద్దామని ఉంది. నువ్వేమంటావు?

అన్నయ్య

జూలై 2

అన్నయ్యా,

మానెయ్.

గోళీలు ఏరితే ఏమొస్తుంది? నాకిప్పుడు ముంజేతిలో కండరాలు ఎన్నో, ఏది ఏ వేలిని లాగుతుందో తెలుసు. నీ వేళ్ళు ముడుచుకునే కండరాలు బిగిసి ఉన్నాయి. ముందు అవి వదులవ్వాలి, పని తర్వాత. బిగిసిన చేత్తో గోళీ పట్టమంటే ఎలా పడుతుంది? మా గుమాస్తావిడకి చెబితే, "నువ్వు అప్పుడే డాక్టరమ్మవైపోయావు" అంది. అసూయలే.

వదినకి చెప్పు. పొద్దున, సాయంత్రం, అరగంట చొప్పున. చేతికి నూనె రాసి మోచేతి దగ్గర్నుంచి మణికట్టుదాకా అరచేత్తో నెమ్మదిగా జరపాలి. వేళ్ళని పట్టుకుని లాగొద్దు, ఎంత కోపమొచ్చినా లాగొద్దు. మణికట్టుని మెల్లగా లోపలికి వంచితే వేళ్ళు వాటంతట అవే కొంచెం వదులవుతాయి. అప్పుడు బొటనవేలి మొదలు దగ్గర మొదలుపెట్టాలి. ఈ కిటుకు నేర్చుకున్న రోజు నాకు అన్నం కూడా సయించలేదు, ఎప్పుడెప్పుడు నీకు రాద్దామా అని.

నా మీద నమ్మకం ఉంచు. ఐదు నెలలు ఓపిక పట్టు.

గుండీ

ఆగస్టు 3

గుండీ,

నువ్వు గెలిచావు. కాగితం చూడు. వేళ్ళు బయటికొస్తున్నాయి. ఇక బంగాళాదుంప కాదు, కాస్త చెయ్యిలాగే ఉంది. గీత నేనే గీశాను, ఎడమ చేత్తో. మీ వదిన గీస్తే పెన్సిలు వణుకుతోంది.

మీ మేడమ్‌గారికి కూడా చూపించు. నువ్వు చెప్పినట్టు రెండు పూటలా జరుగుతోంది. నూనె మరకలతో నా చొక్కాలన్నీ ఒకే రంగుకి వచ్చాయి.

మనుషులు నీ ముందు పడుకుని ఏం చెబుతారు? మా దగ్గర కొలతలు ఇచ్చేటప్పుడు కడుపు లోపలికి పీల్చుకుంటారు. పడుకున్నవాళ్ళు అలా మోసం చెయ్యలేరనుకుంటా.

అన్నయ్య

సెప్టెంబరు 8

అన్నయ్యా అన్నయ్యా,

మొన్న నువ్వు విడిగా పంపిన మూడో కాగితం నా మంచం పక్కన గోడకి అంటించాను. చూపుడు వేలు చూశావా! గుమాస్తావిడ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "డాక్టరమ్మా, క్షమించు" అంది.

నువ్వడిగావు కదా, మనుషులు ఏం చెబుతారని. మొదటి పది నిమిషాలు ఏం చెప్పరు. తర్వాత వాళ్ళ ఒళ్ళే చెబుతుంది. నిన్న ఒక కొరియర్ ఆయన పడుకున్నాడు. సంచీ మోసే భుజం రెండో దానికంటే రెండు వేళ్ళ మందం ఎత్తుగా ఉంది. మీకు కోటు కుడితే మా అన్నయ్య ఒకవైపు భుజానికి దూది తగ్గిస్తాడండీ అన్నాను. ఆయనకేం అర్థం కాలేదు, పాపం. నాకు మాత్రం నీ పనీ నా పనీ ఒకటేననిపించింది, చాలా సంతోషం వేసింది.

ఇంకో సంగతి. ఉండబట్టలేక ఓనరుగారికి ఉత్తరం రాశాను. మా అన్నయ్య చెయ్యి తెరుచుకుంటోంది, డిసెంబరు దాకా కూడా అక్కర్లేకపోవచ్చు, బల్ల మాత్రం జాగ్రత్త అని. నువ్వు మొహమాటపడి చెప్పవని నాకు తెలుసు.

నేల మీద కాళ్ళు ఆనని,
గుండీ

సెప్టెంబరు 27

గుండీ,

ఓనరుగారికి ఎందుకు రాశావు? నన్నొక మాట అడగాల్సింది. ఆయన సంతోషపడిపోయి నిన్న ఇంటికే వచ్చారు. నేను పడుకున్నానని మీ వదిన చేత చెప్పించాను. మళ్ళీ వస్తానన్నారు.

నువ్వు వెంటనే ఇంకో ఉత్తరం రాయి. తొందరపడి రాశాను, ఇంకా టైము పడుతుంది, ఇప్పుడే అన్నయ్యని పిలవొద్దు అని. నీ చేతి రాతతోనే ఉండాలి. మర్చిపోకు.

ఈసారి గీసిన కాగితం పెడుతున్నాను. బాగానే ఉంది.

అన్నయ్య

అక్టోబరు 6

అన్నయ్యా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

సోమవారం క్లాసులో పక్షవాతం వచ్చిన చేతుల గురించి పాఠం. మేడమ్ చెప్పింది ఇదీ: మర్దన వల్ల నొప్పి తగ్గుతుంది, కీళ్ళు బిగుసుకోవడం కొంత ఆగుతుంది. కానీ మెదడు నుంచి చేతికి వెళ్ళే మాట తెగిపోతే, చెయ్యి ఎంత పిసికినా ఆ మాట తిరిగి రాదు. రావాలంటే ఆ చేత్తోనే పని చేయించాలి, రోజూ చేయించాలి, అదీ మొదటి నెలల్లోనే. "అందుకే ఆసుపత్రుల్లో గోళీలు ఏరిస్తారు. చిన్నపిల్లల ఆట అనుకుని మానేసేవాళ్ళే ఎక్కువ" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. మీరు చెప్పేది తప్పు, మా అన్నయ్య చెయ్యి తెరుచుకుంటోంది అన్నాను. గదికి పరిగెత్తి నాలుగు కాగితాలూ తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ చాలాసేపు చూశారు. కోప్పడలేదు. "వేళ్ళన్నీ ఇంత సమానంగా తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నారు, అంతే.

కాగితాలు కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టాను. మొదటిది వదిన గీసింది. రెండోది దానికంటే ప్రతి వేలి దగ్గరా పావు అంగుళం పెద్దది. మూడోది ఇంకో పావు. నాలుగోది ఇంకో పావు. చిటికెన వేలికీ పావే, మధ్య వేలికీ పావే. టేపు పెట్టి కొలిచాను. పదకొండేళ్ళు నీ పక్కన కూర్చున్నదాన్ని, ముప్పై ఆరు సైజు కటింగ్ కాగితం అడుగున పెట్టి, చుట్టూ సమానంగా పెంచి ముప్పై ఎనిమిది ఎలా తీస్తావో నాకు తెలియదా అన్నయ్యా? ఏ మనిషి చెయ్యీ ఇలా పెరగదు. చొక్కాలే ఇలా పెరుగుతాయి.

ఓనరుగారికి రెండో ఉత్తరం రాయలేదు. నువ్వు మొహమాటపడుతున్నావనుకున్నాను. ఇవాళ రాసి పోస్టులో వేశాను.

నాకు కోపంగా ఉంది. కోపం కంటే భయంగా ఉంది. నీ చెయ్యి ఎలా ఉందో నిజం చెప్పు.

గుండీ

అక్టోబరు 7

గుండీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. ఓనరుగారికీ అందినట్టు లేదు. శనివారం పొద్దున్నే బండి తీసుకుని వచ్చి, "పదండి మాస్టారూ, పాత ఖాతాదారు కోటు గుడ్డ తెచ్చాడు, మీ చేత్తోనే మొదలుపెట్టిద్దాం" అన్నారు. కాదంటే నువ్వు ఆయనకి అబద్ధం రాసినట్టవుతుంది. వెళ్ళాను.

షాపులో అందరూ లేచి నిలబడ్డారు. గీతలు ఎడమ చేత్తో గీశాను, బాగానే వచ్చాయి. అందరూ అదే చూసి మురిసిపోయారు. వెంట వచ్చిన మీ వదిన నా కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కత్తెర రింగులో దూర్చింది. నేను ఏమనుకున్నానో తెలుసా? అలవాటైన ఇనుము తగిలితే చేతికే గుర్తొస్తుందేమో అనుకున్నాను. దానికి గుర్తొచ్చింది ఒకటే, బిగుసుకోవడం. కత్తెర మూసుకుని ఉండిపోయింది. తెరవలేను, వదలలేను. లాగితే గుడ్డ కూడా వచ్చేలా ఉంది. చివరికి ఆ తొందర మాస్టారే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో వేలూ విప్పి కత్తెర తీశాడు. తొందర అన్నాం గానీ, చాలా నెమ్మదిగా తీశాడు. అంతసేపూ షాపులో మిషన్లన్నీ ఆగిపోయాయి.

ఎడమ చేత్తో కొయ్యొచ్చుగా అంటావు. గీసిన గీత మీద పోవడానికి ఈ చేతికి ఇంకో ముప్పై ఏళ్ళు కావాలి.

ఆ కాగితాలు నేను పుట్టించినవి. మొదటిదొక్కటే నిజం. జూలై ఆఖర్లో మళ్ళీ పెట్టి చూస్తే ఇంకా చిన్నదైంది. అది పంపితే నువ్వు చదువు వదిలేసి వచ్చేస్తావు. పైగా నీ ఉత్తరాలు అంత హుషారుగా ఉంటే ఆ నిజం నా చేత్తో నేనెలా రాయను? కాగితం మీద పెంచడం నాకు చేతనైన పని, పెంచాను. నిన్ను తిట్టడానికి నాకు మొహం లేదు. నువ్వు తిట్టు.

అన్నయ్య

నవంబరు 2

అన్నయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నేను నిజం చెప్పమని అడిగే లోపలే నువ్వు చెప్పేశావు. ఇరవై రోజులుగా జవాబు మొదలుపెడుతున్నాను, చింపేస్తున్నాను.

పోయిన వారం ఒక బస్సు కండక్టర్ని తీసుకొచ్చారు. నీలాగే కుడి చెయ్యి. పక్షవాతం వచ్చి ఐదు వారాలట. నన్నే చెయ్యమన్నారు. వదినకి నేను రాసి పంపినట్టే చేశాను. మణికట్టు దగ్గర, బొటనవేలి దగ్గర. అయిపోయాక మేడమ్ ఆయన్ని చెయ్యి తెరవమన్నారు. తెరిచాడు అన్నయ్యా. పూర్తిగా కాదు, ఒక గ్లాసు పట్టేంత. అందరూ నాకు చప్పట్లు కొట్టారు. రోజూ ఏం చేస్తున్నారని అడిగాను. "పిల్లల్లాగా గోళీలు ఏరిస్తున్నారండీ, విసుగొస్తోంది గానీ వెళ్తున్నాను" అన్నాడు. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మానెయ్ అని రాసింది నేనే. అప్పటికి నేను చదివింది నాలుగు వారాలు. నీకు నెలలున్నాయి, ఆ నెలలన్నీ నా కోసం ఎదురుచూస్తూ కూర్చోబెట్టాను. నేను ఇక్కడికి రాకుండా నిన్ను చెయ్యి పట్టుకుని ఆ గదికి తీసుకెళ్ళి ఉంటే సరిపోయేది. నీ చెయ్యి బాగుచెయ్యడానికి వచ్చి నీ చేతిని పోగొట్టాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను?

ఇక నేను ఎవరి మీదా చెయ్యి వెయ్యలేను. శనివారం బస్సుకి వచ్చేస్తున్నాను.

గుండీ

నవంబరు 6

గుండీ,

రాకు. ఈ ఉత్తరం అర్జంటుగా పంపిస్తున్నాను, శనివారం లోపల నీ చేతికి అందాలి.

ఆ గోళీల గది నేను మానేసింది నీ జవాబు రాకముందే. నిన్ను అడిగింది ఊరికే, మాట వరసకి. నువ్వు వద్దనకపోయినా వెళ్ళేవాణ్ణి కాదు. అక్కడ నా ఖాతాదారు ఒకాయన కూడా వచ్చేవాడు, ఆయన ముందు గోళీలు జారిపోతుంటే తల కొట్టేసినట్టయింది. నా అహంకారం అది. దాన్ని నీ నెత్తిన వేసుకోకు.

ఆ కండక్టరు చెయ్యి తెరిచావు కదా. అది చాలదా? చాలదు, నాకు తెలుసు. అయినా చదువు పూర్తి చెయ్యి. ఇంట్లో ఒకరి చేతులైనా పనిలో ఉండాలి.

అన్నయ్య

డిసెంబరు 16

అన్నయ్యా,

పాసయ్యాను. పరీక్షకి మేడమే బల్ల మీద పడుకున్నారు. గంటసేపు చేశాను. లేచి, "నీ చేతులు తొందరపడవు" అన్నారు. సర్టిఫికెట్టు సంచీలో అడుగున పెట్టాను.

నీ నవంబరు ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ముందే మానేశానన్నావు. నిజమేనా, లేకపోతే నా కోసం మళ్ళీ గీశావా? వదినని అడుగుదామనుకున్నాను. ఏం చెప్పినా నువ్వు చెప్పించిందే అనుకుంటాను. నీ మాట నమ్మాలని ఎంతగానో ఉంది. నమ్మితే నాకు నిద్ర పడుతుంది, అందుకే నమ్మలేకపోతున్నాను.

ఇరవై మూడున బయలుదేరుతున్నాను. ఇంటికొచ్చి ఏం చెయ్యగలనో ఇప్పుడే చెబుతాను, మళ్ళీ ఆశ పెట్టను. పొద్దునా సాయంత్రం నీ చెయ్యి పట్టుకుని, ఇంకా బిగుసుకోకుండా చూడగలను. గోళ్ళు అరచేతిలో గుచ్చుకోకుండా చూడగలను. కత్తెర పట్టించలేను. ఆరు నెలలు చదివి నేర్చుకున్నది ఇదే.

గుండీ

డిసెంబరు 20

గుండీ,

నువ్వు పాసయ్యావని మీ వదిన ఇల్లంతా చెప్పింది, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా.

బల్ల మొన్న ఇచ్చేశారు. ఓనరుగారు గడువుకి రెండు వారాలు ముందే అడిగారు, నేనే సరేనన్నాను. తొందర మాస్టారు ఇంటికొచ్చి, బల్ల ఎత్తు తనకి ఎక్కువైందట, కాళ్ళు కొంచెం కోయించుకోవచ్చా అని అడిగాడు. నీ బల్ల, నీ ఇష్టం అన్నాను.

నువ్వు రా. కానీ కుడి చెయ్యి పట్టుకోవద్దు, కొన్నాళ్ళు. ఇప్పుడు నీ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి. ఎక్కడ ఎంత పోయిందో పట్టుకోగానే నీకు తెలిసిపోతుంది, నీ మొహంలో నాకు తెలిసిపోతుంది. గోళ్ళ సంగతి మీ వదిన చూసుకుంటోంది. ఆ గది నేనెప్పుడు మానేశానో కూడా అడగకు. అడిగితే ఏదో ఒకటి చెబుతాను, నువ్వు నమ్మవు.

ఎడమ భుజం మాత్రం చూడు. అన్నం, రాత, గుండీలు పెట్టుకోవడం, అన్నీ దాని మీదే పడ్డాయి. మెడ కింద నుంచి మోచేతిదాకా మూడు నెలలుగా నొప్పి. ఎవరికీ చెప్పలేదు, మీ వదినకి కూడా. ఇది గీసి పంపేది కాదు కదా, నమ్ము.

అన్నయ్య